గాలికి అడ్డం

తార్నాకలో లారీ దిగేసరికి మధ్యాహ్నమైంది. శివరాత్రి దగ్గర పడింది, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మాది కేంద్ర పోలీసు బలగం. కశ్మీర్ చలికాలాలు చూసి వచ్చినవాళ్ళం కదా, సిటీ డ్యూటీ అంటే సుఖమే అనుకున్నాం. చదువుకునే పిల్లల ముందు లాఠీ పట్టుకుని నిలబడటం కంటే ఆ కశ్మీర్ మంచులో ఉండటమే నయమని వారానికే తెలిసింది.

నా పని మోటార్‌సైకిల్. తెలంగాణ ఉద్యమం రోజులు. యూనివర్సిటీ గేటు నుంచి క్యాంపస్ లోపలి పోస్టులకి ఆర్డర్లు మొయ్యాలి. బండి ముందు గాలి అద్దం ఉండేది. అంచు ముక్కు దాకా వచ్చేట్టు ఎవరి ఎత్తుకు వాళ్ళం కోయించుకునేవాళ్ళం. గాలి ఛాతీకి తగలదు, చూపేమో అద్దం పైనుంచి పోతుంది. గీతలు పడ్డ ప్లాస్టిక్‌లోంచి ఎండకెదురు చూస్తే రోడ్డే కనపడదు మరి.

రాళ్ళు పడుతున్నాయని కమాండర్ కొత్త ఆర్డర్ వేశాడు. అన్ని బండ్లకీ తల దాటే అద్దం, ఒకే కొలత. ఆయన పొట్టివాడు. తాను కూర్చుని చూసి కొలత ఇచ్చాడు. నేను పొడుగు, నాకు అంచు సరిగ్గా కళ్ళకడ్డం వచ్చింది.

"సార్, దారి కనపడట్లేదు."

"వంగి నడుపు."

వంగి నడిపాను. నడుం పోయింది. పైగా పెద్ద అద్దం వెనక గాలి సుడి తిరుగుతుంది. చొక్కాకి పట్టిన టియర్ గ్యాస్ పొడి లేచి నా కళ్ళలోనే పడేది.

ఒకరోజు హాస్టళ్ళ దగ్గర గ్యాస్ వేశాక ఒక విద్యార్థి గోడవార కూలబడ్డాడు. ఛాతీలోంచి పిల్లికూతలు వస్తున్నాయి. పక్కన అతని క్లాస్‌మేట్, ఓ అమ్మాయి ఏడుస్తోంది.

"ఆస్తమా ఉన్నది అన్నా! పీల్చే పంపు ఖతమైంది."

వైర్‌లెస్‌లో అంబులెన్స్ అడిగాను. "చౌరస్తాలో ఇరుక్కుంది. నువ్వే నల్లకుంట ఆసుపత్రికి తీసుకుపో," అంది కంట్రోల్ రూమ్.

"ఎక్కు తమ్ముడూ, బేగి ఎక్కు," అన్నాను. మాది శ్రీకాకుళం. ఆ యాస వాడికి తెలిసిపోయింది.

"ఆంధ్రోడివా?"

"అవును. ఎక్కు."

వాడు కదల్లేదు. "ఇప్పుడు గదెందుకురా, సచ్చిపోతవ్!" అని ఆ అమ్మాయే లేపి ఎక్కించింది.

కాస్త దూరం పోయామో లేదో వీపు మీద గుద్దాడు. "అన్నా... మంటైతాంది... దమ్మొస్తలేదు."

సుడిగాలి నా చొక్కా పొడినంతా మా ముఖాలకే కొడుతోంది. బండి ఆపాను. ముందు చెట్ల కింద పిల్లల గుంపు, చేతుల్లో రాళ్ళు. హెల్మెట్ తల కాస్తుంది గానీ ముఖాన్ని కాయదు. అద్దం తీస్తే నా కళ్ళకు భరోసా లేదు, ఉంచితే వాడి ఊపిరికి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భయమేసింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారు.

నట్లు చేత్తోనే తిప్పి అద్దం ఊడదీశాను. చొక్కా విప్పి దాని మీద పడేశాను. బనీనుతో బండెక్కాను.

గుంపులో ఒకడు నా పోలీసు బూట్లు చూసి రాయెత్తాడు. వెనక నుంచి వీడు చెయ్యి చాపి ఊపాడు, మాట్లాడే ఓపిక లేదు.

"ఆగుండ్రి! ఎనక మన పోరడున్నడు! తొవ్వియ్యుండ్రి!" అని గుంపులోంచి ఇంకొకడు అరిచాడు.

దారిచ్చారు.

ఆసుపత్రిలో వాడి ఊపిరి కుదుటపడింది. స్ట్రెచర్ మీంచి నా బనీను అంచు పట్టుకుని కాసేపు వదల్లేదు. నేను తిరిగొచ్చేసరికి కమాండర్ గేటు దగ్గరే ఉన్నాడు. అద్దం పారేసినందుకు నన్ను బండి మీంచి తప్పించి వంటశాలకు వేశాడు. ఆ సిటీ డ్యూటీ అయ్యేదాకా ఉల్లిపాయలు తరిగాను.

ఇప్పుడు ఊళ్ళో ఉంటున్నాను. చలికి బండికి అద్దం పెట్టించుకో మావయ్యా, అంటాడు అల్లుడు. వద్దంటాను. గాలి ముఖాన కొట్టినప్పుడల్లా హ్యాండిల్ మీద వెనక చూసే చిన్న అద్దంలోకి చూస్తాను. కళ్ళు ఎర్రగా, నోరంతా తెరిచి, నా భుజం మీంచి గాలి తాగుతున్న ఆ పిల్లాడే కనిపిస్తాడు.