ఎందాకా బాబాయి

ఎవరు ఏది పెంచుతామన్నా "ఎందాకా?" అని అడగడం ఐసు ఫ్యాక్టరీలో మిషను నడిపే బాబాయికి ఉన్న ఒకే ఒక జబ్బు. బీపీ, షుగరు ఆయన దరిదాపులకి రాలేదు. వస్తే వాటినీ అదే మాట అడుగుతాడని జడిసి ఉంటాయి. పనివాళ్ళు ఆయన్ని ఎందాకా బాబాయి అనే పిలిచేవారు.

ఫ్యాక్టరీ యజమానురాలు ఆయనకి సొంత అన్నకూతురేమీ కాదు. గౌను తొడుక్కున్న రోజుల నుంచీ బాబాయ్ అనడం అలవాటైపోయింది. రెండేళ్ళ కిందట నాన్న పోయాక ఫ్యాక్టరీ ఆమె చేతికొచ్చింది, దాంతోపాటు ఈ జబ్బూ వచ్చింది. మోకాలి నొప్పికి ఒకసారి ఆయన్ని డాక్టరు దగ్గరికి ఆమే తీసుకెళ్ళింది.

"రోజూ కాస్త కాస్త నడక పెంచండి," అన్నాడు డాక్టరు.

"ఎందాకా?"

"ఓపిక ఉన్నంతవరకూ."

"తిరిగి ఇంటికి రావాలి కదండీ. సగం ఓపిక ఉండగానే వెనక్కి తిరగద్దూ?"

డాక్టరు నడక మాట వదిలేసి, మాత్రలు రాసిచ్చాడు.

ఇక ఫ్యాక్టరీ సంగతి. ఉప్పునీళ్ళ తొట్టిలోకి నీళ్ళ డబ్బాలు దించి ఐసు దిమ్మలు కడతారు. అందులోంచి లాగిన వేడంతా గోడ అవతల వెనక సందులోకి పోతుంది. సందు వేడెక్కితే అక్కడి జనం ముందు గేటుకొచ్చి ఐసు కొనుక్కుంటారు. వాళ్ళు కొనేకొద్దీ మిషను తిరుగుతుంది, మిషను తిరిగేకొద్దీ సందు వేడెక్కుతుంది. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఈ ఏర్పాటులో ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదు.

ఎండలు ఏటికేడు ముదిరి, ఈసారి దిమ్మలు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి. రెండో మిషను పెడదామని ఆమె ముచ్చటపడింది. మిషన్లు అమ్మే ఆయన వచ్చి బల్ల మీద కాగితం పరిచాడు. అందులో ఒక గీత పైపైకి ఎక్కి, అంచు దగ్గర బాణమై ఆగింది.

"ఎండలు పెరుగుతాయి మేడమ్. గిరాకీ పెరుగుతూనే ఉంటుంది."

"ఎందాకా?" అన్నాడు గుమ్మంలోంచి బాబాయి.

"అందుకేనండీ బాణం పెట్టింది. అంతు లేదని."

"మరి నీళ్ళెక్కడ గీశారు?"

నీళ్ళ గీత లేదు. కాగితంలో చోటు చాల్లేదన్నాడాయన.

ఫ్యాక్టరీకి ఉన్నది ఒకటే బావి. రోజూ పొద్దున్నే రాయి కట్టిన తాడు అడుగుదాకా వదిలి, పైకి లాగి, తడిసినంత మేరా చేతులు బార్లా చాపి కొలవడం బాబాయి పని. ఆ తాడు ఇంకొకర్ని ముట్టనిచ్చేవాడు కాదు. ఈ ఏడాది నాలుగు బారల చిల్లర నీళ్ళున్నాయని, ఒక మిషనుకి బొటాబొటీగా సరిపోతాయని చెప్పాడు.

ఆ మాట ఆమెకి నచ్చలేదు. "బాబాయ్, రేపు ఆర్డరు పెడుతున్నా. ఇంకొక్కసారి ఎందాకా అన్నావంటే ఇంటికి పంపించేస్తా. ఉత్తుత్తికి అనడం లేదు," అంది.

బాబాయి తాడు చుట్టపెట్టుకుని మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. అరిచి పోట్లాడినా ఆమెకి అంత కష్టంగా ఉండేది కాదు.

నిజంగా నాలుగేనా చూద్దామని, మర్నాడు ఆయన నడకకి వెళ్ళిన వేళ చూసి ఆమే బావిలో తాడు వేసింది. ఏడు బారలు. తన చేతులు పొట్టివని ఎంత సర్దిచెప్పుకున్నా మూడు బారల తేడా రాదు. బాబాయి సగం ఓపికతో తిరిగొచ్చేసరికి ఆమె తడి తాడు పట్టుకుని నిలబడి ఉంది.

"మూడు బారలేవి, బాబాయ్?"

"అవి మనవి కావమ్మా."

"మన బావిలో ఉన్నవి మనవి కాకపోతే ఇంకెవరివి?"

"వెనక సందులో పదకొండిళ్ళకీ ఒకటే బావి. మనదీ వాళ్ళదీ ఒకటే ఊట. మనం అడుగుదాకా తోడితే వాళ్ళ బిందెల్లోకి బురదొస్తుంది. ఒక ఏడాది తోడాం. అప్పుడు నువ్వు బడికెళ్తున్నావు."

"నాన్నకి చెప్పాల్సింది."

"ఆయన దొడ్డ మనిషే. కానీ నీళ్ళున్నాయని తెలిస్తే తోడకుండా ఉండలేడు. అందుకని ఏటా లెక్కలో మూడు బారలు మింగేస్తూ వచ్చాను."

"ఎన్నేళ్ళుగా?"

"పద్దెనిమిది." ఆయన తల గోక్కున్నాడు. "ఇంటికి పొమ్మంటే పోతాలే. ఆ తాడు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు."

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. పదహారేళ్ళు నాన్ననీ, రెండేళ్ళు తననీ నున్నగా మోసం చేసిన మనిషి ఎదురుగా అమాయకంగా నిలబడ్డాడు. కానీ ఆ ఏడాది సందులో ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో తమ గేటు ముందు నిలబడటం, నాన్న వాళ్ళకి ఐసు అమ్మడం ఆమెకి గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఈ మనిషినా తను ఇంటికి పంపిస్తానన్నది అనుకుంది.

పదింటికి మిషన్ల ఆయన కలం మూత తీసి పట్టుకుని మరీ వచ్చాడు.

"నీళ్ళు చాలవండీ," అందామె. "నాలుగు బారలే ఉన్నాయి. నేనే కొలిచాను."

"నాలుగేనా?"

"నాలుగే."

ఆయన అనుమానంగా బావి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్న బాబాయి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అబద్ధం చెప్పేటప్పుడు నిండు అంకె చెప్పకూడదమ్మా. నాలుగు బారలా ఒక జానెడు అనాలి. జానెడు కలిపితే ఎంతటివాడైనా నమ్ముతాడు."

వచ్చే ఏడు అలాగే చెబుతానందామె.