సాంబారులో సెన్సార్

సుబ్రహ్మణ్యానికి ఉప్పు మీద నమ్మకం లేదు. నాలుక చెప్పినా నమ్మడు, వండినామె చెప్పినా నమ్మడు. సెన్సార్ ముంచి అంకె చూస్తేగానీ ముద్ద నోట్లో పెట్టడు. పెళ్లిపందిట్లో ఊరగాయ జాడీ మూత తీయించి మరీ ముంచాడు. అది సొంత పెళ్లే అని పుంగనూరులో ఒట్టు పెట్టి చెబుతారు.

సముద్రం వాసన కూడా రాని పుంగనూరులో ఉండి ఆయన చేసేది సముద్రం పనే. తీరం పొడవునా ఏళ్ల తరబడి నీటి ఉప్పదనం కొలిచే సెన్సార్లు లారీ పార్సిల్లో ఆయన షెడ్డుకు వస్తాయి. ఉప్పునీళ్ల డ్రమ్ముల్లో ముంచి, నిజం చెబుతున్నాయో లేదో తేల్చి పంపుతాడు. నీళ్ల వేడి మారితే లెక్క మారుతుందని డ్రమ్ములకు ఏసీ పెట్టించాడు. తాను మాత్రం బయట అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంటాడు.

ఇదంతా ఎదురుగా మెస్సు నడిపే శంకరప్పకు వేడుకగానే ఉండేది, ఆ సెన్సార్ తన వంటింట్లోకి రానంతవరకు. ఈ మధ్య సుబ్రహ్మణ్యం దాన్ని పట్టుకొని సరిగ్గా వడ్డించే వేళకు దిగబడుతున్నాడు.

"చేపలు నాకినదాన్ని నా సాంబారులో పెడతావా?"

"ఇది సముద్రం మొగమే సూడలేదప్పా. వేన్నీళ్లలో కడిగి తెచ్చినా." ముంచి, వంటామె పాపక్క వైపు తిరిగేవాడు. "అర గరిటె తక్కువ సూపిస్తాండాది పాపక్కా. తప్పు సాంబారుది కాదు, సెన్సార్ది."

తర్వాత రసం. ఆ తర్వాత కూర. మజ్జిగదాకా వచ్చేసరికి బయట వేసిన ఆకులు ఎండి గలగలమనేవి.

ఒకరోజు బస్సు డ్రైవర్ రంగప్ప ఆకలికి ఆగలేక పక్క బిర్యానీ హోటల్‌కు నడిచాడు. శంకరప్ప ఓపిక అక్కడితో సరి.

"డ్రైవర్లు పోతే నేను మెస్సు మూసుకోవల్ల. రేపట్నుంచి ఈడ కాలు పెట్టబాకు."

సుబ్రహ్మణ్యం ఏదో అనబోయి, పాపక్క మొహం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు వడ్డన టైముకే మొదలైంది. రంగప్ప సాంబారు కలిపిన మొదటి ముద్దకే లేచి నిలబడ్డాడు. "శంకరప్పా, ఇంక సముద్రం సూసేదానికి మద్రాసు పోయే పనే లేదు." రసంలో మాత్రం ఉప్పు జాడే లేదు.

శంకరప్ప వంటింట్లోకి దూకాడు. "కండ్లు మూసుకోని వండినావా పాపక్కా?"

ఆమె కొంగు మెలిపెడుతూ నిలబడింది. "జరం వచ్చి పోయినాక నాలిక్కి రుచి తెలవలేదప్పా. నువ్వు పని మానిపిస్తావని చెప్పలేదు. సుబ్రహ్మణ్యానికి ఎట్లనో తెలిసిపోయింది. ఆయప్పే ముంచి, తక్కువో ఎక్కువో చెప్తా ఉండె."

శంకరప్ప నేరుగా షెడ్డుకు పోయాడు. సుబ్రహ్మణ్యం నాచు పట్టిన సెన్సార్‌ను బ్రష్షుతో రుద్దుతున్నాడు.

"నాతో చెప్తే ఏంబోయె?"

"ఇది సూడప్పా. సముద్రంలో ఉండి ఉండి కొంచెం తప్పు సూపిస్తాది. పారేస్తామా? ఎంత తప్పో కనిపెట్టి సరిజేసుకుంటే ఇంకా ఎన్నాళ్లో పనికొస్తాది."

"అన్ని తిట్లు తింటివి గదా."

"తిట్లలో ఉప్పుండదు గదప్పా. నేను కొలవలేదు."

మర్నాడు శంకరప్పే ఆయన రెక్క పట్టుకొని వంటింట్లోకి తీసుకొచ్చాడు. బయట రంగప్ప ఆకు ముందు గొణుగుతుంటే, "కూసోప్పా. తప్పు సాంబారుది కాదు, సెన్సార్ది," అని తానే సర్దిచెప్పాడు.

సాంబారు అయింది, రసం అయింది, మజ్జిగ కూడా అయింది. అయినా సుబ్రహ్మణ్యం కదల్లేదు. పాయసం గిన్నె మూత తీశాడు.

"దాంట్లో ఉప్పే ఉండదు గదయ్యా," అన్నాడు శంకరప్ప నెత్తి పట్టుకొని.

"ఉండదని ఎవరు ముంచి సూసినారు?"