అమ్మాయి అడుగుకి కారు దించిన పెంచలయ్య

నిన్న పొద్దున గూడూరు నుంచి ఫోన్. మెకానిక్ పెంచలయ్య మేస్త్రి పోయాడని.

"ఏ పెంచలయ్య?" అన్నాను.

నాకు తెలిసిన మేస్త్రి పెంచలయ్య ఒక్కడే. అయినా అడిగాను. ఇంకెవరైనా అయి ఉంటే బాగుండునని.

షెడ్డు ముందు టీ తాగుతూ కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్.

మా సునీత పెళ్ళయి నెల కూడా కాలేదు. ఆ ఫోటోలు రోజుకి పది పంపి మిమ్మల్నందరినీ విసిగించాను. అందులో పెద్ద పాత కారు పక్కన, మొహం మీద నల్లటి మరకతో ఒకాయన ఉన్నాడు చూడండి. ఆయనే.

ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే సంతోషం పొంగుకొస్తోంది. తప్పయితే క్షమించండి. ఏడో క్లాసు చదివినవాణ్ణి, మాటలు వరసగా రావు.

ముందు కారు సంగతి.

అది అమెరికా కారు. వయసులో నాకంటే పెద్దది. నేను గూడూరులో ఒక అభ్రకం వ్యాపారి దగ్గర ముప్పై ఏళ్ళు డ్రైవరుగా చేశాను. వ్యాపారం మూసేసిన రోజు ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, "దావీదూ, దీన్ని పాత ఇనుముకి మాత్రం ఇయ్యబాకు" అన్నాడు. మా ఊరు వాకాడు తెచ్చుకుని బిడ్డలా చూసుకున్నాను.

కానీ చాలా ఎత్తు. మా సునీతకి చిన్నప్పటి నుంచి ఎడమ కాలిలో బలం లేదు. ఎప్పుడూ నేనే ఎత్తి సీట్లో కూర్చోబెట్టేవాణ్ణి. స్కూల్లో టీచరయ్యాక కూడా!

పెళ్ళి కుదిరాక ఒకరోజు మెల్లగా అంది.

"నాయనా, చర్చికి మన కారులోనే పోదాం. అందరి ముందు నన్ను ఎత్తుకోబాకు. నేనే ఎక్కతా."

నేను ముద్దు అనుకున్నది దానికి ఇన్నేళ్ళు సిగ్గుగా ఉందని నాకు తెలియనే లేదు.

మర్నాడే కారునీ అమ్మాయినీ పెంచలయ్య షెడ్డుకి తీసుకుపోయాను.

"స్టూలు ఏసుకుంటే సరిపోదామ్మా?" అన్నాడు.

"దాన్ని పట్టుకోడానికి మళ్ళా ఒకరు కావాల కదా చిన్నాయనా" అంది సునీత.

పెంచలయ్య ఇంకో మాట అడగలేదు. టేపు కూడా తియ్యలేదు. నాలుగు చెక్కలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి, "ఎక్కమ్మా పెళ్ళికూతురా" అన్నాడు. ఎక్కింది. ఇంకొకటి పెట్టాడు. ఎక్కింది. ఇంకొకటి పెట్టేసరికి అమ్మాయి చెయ్యి గోడ కోసం వెతికింది. ఆ చెక్క తీసేసి, మిగిలినవాటి ఎత్తుకి గోడ మీద సుద్దతో గీత గీశాడు.

"కారు గడప ఈ గీతకి రావాల. నీ కారు ఒంటె మాదిరి ఉండాది దావీదన్నా. దీన్ని కూర్చోబెట్టాల!"

ముందు వైపు స్ప్రింగులు తీసి పొట్టివి, గట్టివి వేశాడు. వెనక వైపు స్ప్రింగుల్లా పనిచేసే కమాను కట్టలకీ ఇరుసుకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టాడు. తుప్పు పట్టిన షాక్ అబ్జార్బర్లు పీకేసి కొత్త గ్యాస్‌వి బిగించాడు.

చిక్కేమిటంటే, ఖాళీ కారు అమ్మాయి ఎక్కేంత కిందికి ఉండాలి. అయిదుగురు కూర్చున్నాక అడుగు రోడ్డుకి తగలకూడదు. అందుకని మనుషుల బదులు నిమ్మకాయల బస్తాలు ఎక్కించి చూశాడు. నిమ్మకాయల మార్కెట్టున్న గూడూరు కదా, బస్తాలకేం కరువు!

సామాన్లు ఒక్కొక్కటీ చెన్నై నుంచి రావాలి. వారం పట్టింది. బస్తాలు కారులోనే ఉన్నాయి. షెడ్డుకి ఎవరొచ్చినా పెంచలయ్య, "ఎండన పడొచ్చినావు, తీసుకపో" అని దోసెడు కాయలు చేతిలో పెట్టేవాడు. ఆయన అలవాటే అంత. మా ఇంట్లో ఊరగాయ కూడా పడింది.

వారం తరవాత చూసి, "ఇంత బరువు మీద కూడా ఎత్తుగానే ఉండాదే" అని ఇంకో అంగుళం దించేశాడు.

అయిదుగురం ఎక్కి ట్రయల్‌కి బయల్దేరాం. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కారు కడుపు గర్రుమని గీసుకుంది. పెళ్ళికి రెండే రోజులు.

షెడ్డుకి తిరిగొచ్చాక పెంచలయ్య కారులోంచి దించి మూలన పెట్టిన బస్తాని పట్టుకుంటే ఒంటిచేత్తో లేచింది. సగానికి తగ్గిన ఆ కాయల వంక చూసి పగలబడి నవ్వాడు.

"నేను కొలిచింది మనుషుల్ని కాదన్నా, నా దానధర్మాన్ని!"

మళ్ళీ అంతా విప్పాడు. ఈసారి బస్తాలు లేవు. వాళ్ళ ఇంటివాళ్ళనే పిలిపించి కారులో కూర్చోబెట్టాడు. అన్నాలు కూడా అందులోనే. ఆయన వీపు నేలకి ఆన్చి కారు కింద పని చేస్తుంటే, పైనుంచి భార్య రమణమ్మ ఒకటే దెప్పుడు.

"ఇన్నాళ్ళకి కారెక్కించినాడు మా ఆయన. అదీ కదలని కారు!"

పెళ్ళిరోజు పొద్దున అందరూ పెళ్ళికూతురి చీర చూస్తున్నారు. పెంచలయ్య ఒక్కడే గొంతుకూర్చుని దాని పాదం చూస్తున్నాడు.

సునీత డోరు పట్టుకుంది. కుడి కాలు లోపల పెట్టింది. ఎడమ కాలు లాక్కుంది. కూర్చుంది.

అంతే. ఎంతసేపు పట్టింది? నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

పెంచలయ్య మొహం పక్కకి తిప్పుకుని గ్రీజు గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. నా చేతులు ఇంకా చాచే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తెలియలేదు. చప్పట్లు కొట్టాను. పిచ్చివాడిలా కొట్టాను.

"ఇంక ఎక్కు నాయనా, పాస్టరయ్యగారు చర్చిలో ఎదురు చూస్తా ఉండారు" అంది నా బిడ్డ. జీవితంలో మొదటిసారి అది కారులో కూర్చుని నా కోసం కాచుకుంది.

ఆ పూట నాకిచ్చింది నువ్వే తమ్ముడూ.

ఇంత సంతోషం ఇచ్చినవాడికి సరిగ్గా థాంక్స్ చెప్పానో లేదో గుర్తు రావడం లేదు. ఇప్పుడు చెబుతున్నాను, అందరి ముందూ.

పోయిరా పెంచలయ్యా. ఇన్నేళ్ళు కటిక నేల మీద ఆన్చిన వీపు. మీ నరసింహస్వామి, మా ప్రభువు ఇద్దరూ కలిసి నీకు మెత్తటి చోటు చూపించాలి. హాయిగా పడుకో.