చిన్నాయన బోరూ, నేను పట్టిన తప్పులూ

బీఎస్సీ ఫిజిక్స్ పాసైన కొత్తలో నాతో ఒకసారి సినిమాకు వచ్చినవాళ్లెవరూ రెండోసారి వచ్చేవాళ్లు కాదు. అప్పట్లో నాకు తెలియని విషయం లోకంలో ఒకటుందంటే ఒప్పుకునే వయసు కాదు నాది. నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ (నా పాఠం విని పిల్లలకంటే నేనే ఎక్కువ ముచ్చటపడుతూ) ఆదివారం వస్తే చాలు, తెలుగులోకి డబ్బింగ్ చేసిన అంతరిక్షం సినిమా ఏది ఆడుతున్నా వెళ్లి కూర్చునేవాణ్ని. చూడటానికి కాదు, దిద్దడానికి. శూన్యంలో బాంబు పేలితే చప్పుడెలా వినపడుతుంది? బరువే లేనిచోట హీరోయిన్ జడ వీపు మీద అంత బుద్ధిగా ఎలా పడుకుంటుంది? ఇలాంటివి చుట్టూ నాలుగు వరుసలకు వినపడేలా అడిగేవాణ్ని. బొమ్మలు ఎంత అందంగా ఉంటే నాకు అంత కోపం వచ్చేది, ఇంత ఖర్చు పెట్టినవాళ్లు ఇంటర్ చదివిన ఒక్కణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఏం పోయేదని.

ఒక ఎండాకాలం ఆదివారం మా నాన్న తమ్ముడు, మా చిన్నాయన, ఉప్పునుంతల వైపున్న మా ఊరి నుంచి బోరు లారీ మాట్లాడుకోవడానికి వచ్చాడు. లారీవాడు సాయంత్రం రమ్మన్నాడట. అప్పటిదాకా ఎండలో తిరగడమెందుకని మ్యాట్నీకి తీసుకెళ్లాను. కథేమిటంటే, భూమ్మీద మంచినీళ్లన్నీ అయిపోతాయి. హీరో నక్షత్రాలు దాటి ఒక ఎర్రటి గ్రహం మీద దిగి, బంగారు రంగు కడ్డీ ఒకటి నేలకు గురిపెడతాడు. నీలం వెలుగు భూమిలోకి దిగుతుంది. నేలను చీల్చుకుని నీళ్లు ఆకాశమంత ఎత్తుకు లేస్తాయి. హాలంతా ఈలలు. నేను ఊరుకుంటానా? "నక్షత్రాలు దాటే ఇంజన్ చేసినోళ్లకు సముద్రం నీళ్లల్ల ఉప్పు తీసుడు రాదా చిన్నాయనా? గంత చిన్న రాకెట్ల భూమికంతా నీళ్లు మోయాలంటే ఎన్ని ట్రిప్పులు కొట్టాలె?" అన్నాను. ముందు వరుసలోంచి ఒకాయన వెనక్కి తిరిగి, "అన్నా, సినిమ సూడనీకొచ్చినవా, పేపర్లు దిద్దనీకొచ్చినవా?" అన్నాడు. చుట్టూ నవ్వారు. చిన్నాయన మాత్రం నవ్వలేదు. తెర మీద నీళ్లు ఇంకా లేస్తూనే ఉన్నాయి. ఆయన తువ్వాలతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

బయట చాయ్ తాగి ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "నువ్వన్నవన్ని నాకు తెల్వదు గని, ఒక్కటి అడుగుత. ఆడు కేసింగు పైపు దించకుండ అంత లోతుకు ఎట్ల పోయిండు? పై మట్టి కూలదా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. అంతసేపూ అన్ని తప్పులు పట్టిన నాకు ఆ తప్పు తట్టనే లేదు. పై మట్టి కూలకుండా ముందు పైపు దించాలన్నది మా ఊళ్లో పశువులు కాసేవాళ్లకు కూడా తెలుసు. నేను మెచ్చుకోబోయేలోపు ఆయన అసలు సంగతి చెప్పాడు. మామిడితోట పెట్టి మూడేళ్లయింది, నలభై చెట్లు. మూడు బోర్లూ ఎండిపోయాయి. చిన్నమ్మ ఊళ్లోంచి బిందెలతో నీళ్లు మోసి పోస్తోంది. "ఇది నాలుగోది. ఇది గూడ పడకుంటే ఇంగ నేను పట్నం పోయి వాచ్‌మన్ పనికి కుదురుకోవాలె. జాగ నువ్వు సూపియ్యాలె బిడ్డా" అన్నాడు. నేనా, అన్నాను. "నీది ఓ పాజిటివ్ రక్తం గద. దవాఖానల మీ చిన్నమ్మకు ఎక్కిచ్చిన్రు గద" అన్నాడు.

ఇది మా వైపు మాట. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాడు అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చేనంతా నడవాలి. నీళ్లున్న జాగా మీదికి రాగానే కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. రక్తం గ్రూపుకూ భూమిలోని నీళ్లకూ సంబంధమేమిటని నేను ఎందరితోనో వాదించి ఉన్నాను. సర్వే చేసేవాళ్లను పిలిపిద్దాం, రాళ్ల పొరలెలా ఉన్నాయో వాళ్లు చూసి చెబుతారు, కొబ్బరికాయ మాట మానెయ్ అని చెప్పడానికి ఓ ఉపన్యాసం తయారుచేసుకుని మరుసటి ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడవునా మనసులో అప్పజెప్పుకున్నాను కూడా.

తీరా వెళ్లేసరికి చేను గట్టు మీద పది మంది ఉన్నారు. చిన్నమ్మ కొబ్బరికాయకు పసుపు రాసి పట్టుకుని నిలబడింది. ఆవిడ భుజం మీద, బిందె ఆనేచోట, జాకెట్టు చిరిగితే వేరే రంగు గుడ్డ వేసి కుట్టుకుంది. నేను నోరు తెరిచాను. "చిన్నమ్మా, గిది సైన్సు కాదు..." ఆవిడ కోప్పడలేదు. "కాకుంటె కాకపాయె. జర నడువు బిడ్డా, నడిస్తే ఏం పోతది?" అంది. చెప్పులు విప్పి నడిచాను. పావుగంట తిరిగాను. కాయ కదల్లేదు. నాకు ధైర్యం వచ్చింది, ఇక ఉపన్యాసం ఇవ్వొచ్చు అనుకున్నాను. తూర్పు మూలకు వచ్చేసరికి చెయ్యి నొప్పి పెట్టడం మొదలైంది. ఎదురుగా చిన్నమ్మ, ఆవిడ వెనక ఆకులు రాలిన చెట్టు. ఆవిడ నా చేతి వైపు చూస్తున్న చూపు చూశాను. అంతే, కాయ మెల్లగా లేచి నిలబడింది.

ఎందుకు లేచిందో నాకు ఆ క్షణమే తెలుసు. అలిసిన చెయ్యి వణుకుతుంది, వేళ్లు మనకు తెలియకుండానే ముడుచుకుంటాయి, అంతకంటే ఏమీ లేదు. పైగా నేను అది లేవాలని కోరుకున్నాను, ఆ ఒక్క నిమిషం నా చదువంతా పక్కన పెట్టి కోరుకున్నాను. "ఇది నా చెయ్యి పని" అని ఒక్క మాట అనాలి. అనలేదు. చిన్నమ్మ అక్కడ రాయి పెట్టి కుంకుమ బొట్టు పెట్టేసింది. గట్టు మీదివాళ్లు, "సదువుకున్నోడి చెయ్యి గద!" అన్నారు. (ఆ మాట నాకు బాగా నచ్చింది. అది కూడా ఒప్పుకోవాలి.)

రెండు రోజులకు బోరు లారీ వచ్చింది. సెలవు పెట్టి వెళ్లాను. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే తెల్లటి రాతి పొడి లేచి అందరి తలల మీదా పడుతోంది. రెండు వందల అడుగులయ్యాయి. మూడు వందలయ్యాయి. ఎక్కడైనా తడి తగులుతుందేమోనని చిన్నమ్మ ఆ పొడిని పిడికిట్లోకి తీసుకుని పిసికి చూసి వదిలేస్తోంది. నాలుగు వందల దగ్గర డ్రైవరు చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంజను ఆగిపోయింది.

లారీ వెళ్లిపోయాక చేలో చిన్నాయనా నేనూ ఇద్దరమే మిగిలాం. నేను ఇక మోయలేకపోయాను. "చిన్నాయనా, ఆ కాయను లేపింది నా చెయ్యే. నాకు అప్పుడే తెలుసు. చెప్పలే" అన్నాను. ఆయన కనురెప్పల మీద ఇంకా పొడి ఉంది. "నాకు తెల్వదా బిడ్డా? నీ చెయ్యి వణికింది నేను సూసిన" అన్నాడు.  మరి ఎందుకు ఆపలేదని అడిగాను. "నువ్వు అన్నిట్ల తప్పులు వడ్తవ్ గద. నువ్వే ఊకున్నవంటె నిజంగ నీళ్లున్నయేమో అనుకున్న" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఆయన ఆ నెలలోనే పట్నం పోయాడు. రెండేళ్లు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఆ రెండేళ్లూ ఆదివారాలు నేను ఊరికి వెళ్లి చిన్నమ్మతో పాటు బిందెలు మోశాను. (మొదటి రోజు సగం నీళ్లు నా ప్యాంటుకే పోశాను. ఆవిడ నవ్వింది, ఆ ఎండాకాలం ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.) సినిమాలకు వెళ్లే తీరిక ఎటూ లేదు. నలభై చెట్లలో తొమ్మిది బతికాయి.

ఇప్పుడు నా తల సగం నెరిసింది. ఆ తొమ్మిదీ కాస్తున్నాయి. తోటకు ఎవరు వచ్చినా చిన్నాయన నన్ను ముందుకు తోసి, "గివన్ని మా లెక్చరర్ నిలబెట్టిన చెట్లు" అని చెబుతాడు. ఆ మాటలో ఉన్న తప్పులు నాకు తెలుసు. ఆదివారం ఒక్కరోజు మోసినవాడు నేను, వారమంతా మోసినది చిన్నమ్మ. అసలు తోట ఎండటంలో నా పాలు ఎంతో ఆయనకూ తెలుసు. దిద్దుదామని నోరు తెరిచేలోపు చిన్నమ్మ కాయ కోసి ఉప్పూ కారం అద్ది ఒక ముక్క నా చేతిలో పెడుతుంది. నేను నోరు మూసుకుని తింటాను.