మగవాళ్లను బయటికి పంపిన వకీలు

మా సీనియర్ వకీలు మేడమ్ పోయారని సోమవారం పొద్దున కోర్టు టైపిస్టు ఫోన్ చేసి చెప్పాడు. నిజామాబాద్‌ దవాఖానలో, తెల్లవారకముందేనట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆర్మూర్‌లో ఆమెకు రావలసిన పేరు రాకుండానే పోయారు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం తగ్గలేదు. చదివేవాళ్లు మన్నించాలి.

నేను ఆమె దగ్గర జూనియర్‌గా చేరిన రోజుల్లో హైవే వెడల్పు చేస్తారని కొలతలు మొదలయ్యాయి. పసుపు వ్యాపారులు గోదాములకూ దుకాణాలకూ రోడ్డు పక్క జాగల కోసం తిరుగుతున్నారు. వకీళ్లందరికీ చేతినిండా పని. ఆడ వకీలు దగ్గరికి మాత్రం విడాకులకే వచ్చేవారు. "మొగుడు పెండ్లాల లొల్లి ఇంకో వకీలుకు చెప్పుకోండ్రి. భూమి ముచ్చటుంటే నా దగ్గరికి రాండ్రి" అని మేడమ్ వాళ్లను సాగనంపేవారు. ఆ మొండితనంతో చాన్నాళ్లు ఖాళీగానే కూర్చున్నారు.

చివరికి ఒక పసుపు వ్యాపారి వచ్చాడు, ఆయన వెనక ఇంకొందరు. కొనే జాగ చుట్టుపక్కల వాళ్లను అడగకుండా మేడమ్ దస్తావేజు రాసేవారు కాదు. "కాయితంల హద్దులు ఎప్పుడైనా ముద్దుగనే ఉంటయ్ బిడ్డా. చెప్పులేసుకో, పోయి చూసొద్దాం" అని నన్ను ఎండలో తిప్పేవారు. నా పని నేర్పింది ఆ ఎండే.

ఆమె అలవాటు ఒకటి ఎవరికీ నచ్చేది కాదు. భూమి అమ్మేటప్పుడు పెళ్లిచేసి పంపిన ఇంటి ఆడబిడ్డలను పిలిచి, చీర పెట్టి, సంతకం తీసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. కాగితంలో ఏముందో ఎవరూ చెప్పరు. మేడమ్ మాత్రం "మొగోళ్లంత జర బయటికి పోండ్రి" అని తలుపు వేసి, ఆడవాళ్లకు ప్రతి వాక్యం చదివి చెప్పేవారు. "నీ వాటా వదులుకుంటున్నవమ్మా. ఇష్టముంటెనే దస్కత్ పెట్టు. చీర పెట్టిన్రని పెట్టకు." చాలామంది పెట్టేసే వెళ్లేవారు.

ఒకామె పెట్టలేదు. కమ్మర్‌పల్లి రోడ్డు మీద ఆ మొదటి వ్యాపారే గోదాముకు కొంటున్న భూమి. నవీపేటకు ఇచ్చిన ఆడబిడ్డ అంతా విని, "గిదంత నాకెవ్వలు చెప్పలే మేడం. నేను పెట్ట" అని లేచింది. బయట అన్నదమ్ములు గొడవకు దిగారు. వ్యాపారి గొంతు పెంచలేదు.

"మీరు నా వకీలా, ఆమె వకీలా మేడం?"

"మీ వకీలునే. రేపు గామె కోర్టుకెక్కితే తాళం పడేది మీ గోదాముకే."

ఆయన మళ్లీ రాలేదు. "గామె దగ్గరికి పోతె బేరం చెడుతది" అన్న మాట మార్కెట్ యార్డంతా తిరిగింది. బ్రోకర్లు మా గుమ్మం తొక్కడం మానేశారు.

కొన్ని నెలలకు ఆ ఆడబిడ్డతో వేరే వకీలు దగ్గర సంతకం పెట్టించారని తెలిసింది. నేనే మేడమ్‌కు చెప్పాను.

"మల్ల పుట్టింటికి రానిస్తున్నరా ఆమెను?" అని అడిగారు.

"లేదు మేడం."

"గట్ల జేసింది నేనే గద" అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. మీ తప్పేం లేదని నేను ఎంత చెప్పినా వినలేదు. అయినా ఆ తర్వాత వచ్చిన ఒకటీ అరా దస్తావేజులకు కూడా మగవాళ్లను బయటికి పంపే చదివారు. జబ్బు ముదిరేదాకా అంతే. అంత్యక్రియలకు ఒక్క వ్యాపారీ రాలేదు.

నిన్న నేను సొంతంగా రాయాల్సిన మొదటి దస్తావేజు వచ్చింది. ఒక దుకాణాల జాగ. అన్నదమ్ములు, బ్రోకరు కుర్చీలన్నీ నిండేలా కూర్చున్నారు. గోడవారన ఇద్దరు ఆడబిడ్డలు నిలబడ్డారు, చేతుల్లో కొత్త చీరల కవర్లు. నవీపేట ఆమె గుర్తొచ్చి నాకు భయమేసింది. అయినా "మొగోళ్లంత జర బయటికి పోండ్రి" అన్నాను.

బ్రోకరు నవ్వాడు. ఎవరూ లేవలేదు. నేను తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆడబిడ్డల్లో పెద్దామె చేతిలోని కవరును నేలమీద పెట్టింది.