రత్నమ్మ వేసిన సముద్రం ప్లాను

1946. మదనపల్లె దగ్గర ఒక క్షయ శానిటోరియంలో ఆడవాళ్ళ వార్డుకు నేను స్టాఫ్ నర్సుని. మాది కలికిరి పక్క. ఎక్కడ పని చేస్తున్నావని బస్సులో ఎవరైనా అడిగి, నేను చెప్పానంటే చాలు, పక్కన కూర్చున్న మనిషి లేచి వెనక సీటుకు పోయేది. ఆ జబ్బంటే అంత భయం ఆ రోజుల్లో.

ఇప్పటి మందులు అప్పుడు మాకు లేవు. గాలి, గుడ్లు, పాలు, విశ్రాంతి, వీటితోనే వైద్యం. కొందరికి ఏ.పి. పెట్టేవాళ్ళు. అంటే పక్కటెముకల సందులోంచి సూదితో గాలి పంపి, జబ్బు పట్టిన ఊపిరితిత్తి ముడుచుకునేలా చేసి దానికి విశ్రాంతి ఇవ్వడం. ఆ గాలి కొన్నాళ్ళకు ఇంకిపోతుంది కాబట్టి మళ్ళీ నింపాలి, దాన్ని రీఫిల్ అనేవాళ్ళం. ఇక జబ్బు బాగా ముదిరిన వాళ్ళకు ఆబ్సల్యూట్ రెస్ట్. లేవకూడదు, చెయ్యెత్తి తల దువ్వుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ఏం కావాలన్నా నర్సు చెవిలో గుసగుసగా చెప్పాలి. వాళ్ళందరి తరఫునా మాట్లాడాల్సిన నోరు నాది. అది కాస్త పెద్ద నోరే లెండి.

రత్నమ్మ అలా వచ్చిన మనిషే, ఏ.పి. కూడా పెట్టారు. పుంగనూరు పిల్ల, కుప్పం కోడలు. భర్త నాగరాజప్ప కుప్పం బడిలో అయ్యవారు. నాలుగేళ్ళ పాప ఉంది. పాపను చూసుకోవడానికి రత్నమ్మ చెల్లెలు సరోజ కుప్పం వచ్చి అక్క ఇంట్లోనే ఉంటోంది. వచ్చిన కొత్తలో రత్నమ్మ ఏమీ తినేది కాదు. గుడ్డు పెడితే అది కాకుల పాలే అయ్యేది. నేను తిడితే గోడవైపు తిరిగి పడుకునేది.

కారణం నాకు తర్వాత తెలిసింది. చూడ్డానికి వచ్చిన అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వేం దిగులు పెట్టుకోవాకమ్మా. ఏమన్నా అయినా సరోజ ఉండాది గదా. పాపకు పరాయిదొచ్చి సవతి తల్లి కాదులే" అన్నదట. ఆమె దాన్ని ఓదార్పు అనుకునే అంది. పెద్దకూతురు పోతే చిన్నకూతురిని అల్లుడికిచ్చే ఇళ్ళు మా వైపు చాలా ఉండేవి, ఎవరూ తప్పుగా అనుకునేవాళ్ళు కాదు. బతికుండగానే ఆ మాట వినాల్సి వచ్చిన రత్నమ్మ సంగతే ఎవరికీ తట్టలేదు.

ఈస్టరుకు ఇంకా మూడు వారాలుండగా ఒక ఆదివారం నాగరాజప్ప వచ్చాడు. కుప్పంనుంచి బస్సులు మారి మారి వచ్చి మనిషి పీల్చిన చెరుకులా అయిపోయాడు. డాక్టరమ్మ అతన్ని చూసి, నాలుగు రోజులు ఎక్కడికైనా పోయి విశ్రాంతి తీసుకోకపోతే నువ్వూ ఇక్కడే పడతావని కసిరింది. అతను మంచం దగ్గరకొచ్చి నీళ్ళు నములుతూ చెప్పాడు: "ఈస్టరుకు శుక్రవారం నుంచి సోమవారం దాకా బడికి సెలవు. మహాబలిపురం పోయొద్దామనుకుంటాండాము. అమ్మా, పాపా... సరోజా కూడా వస్తాది."

రత్నమ్మ నవ్వుముఖం పెట్టి పొమ్మని తల ఊపింది. సాయంత్రం థర్మామీటరు పెడితే జ్వరం ఎగిరి కూర్చుంది.

మరుసటి పొద్దున నన్ను సైగ చేసి పిలిచింది.

"సిస్టరమ్మా, నాకు పెండ్లయినప్పటి నుంచి సముద్రం సూపిస్తానంటాండాడు. నాకు సూపీలేదు. దానికి సూపిస్తాడంట."

"చెల్లెలే కదా రత్నమ్మా."

"చెల్లెలే. పాప దాన్ని అమ్మా అంటాందంట. అది తెలుసునా నీకు?" అని కాసేపు ఆయాసం తీర్చుకుంది. "వాళ్ళు ఎట్ల పోవాల, యాడ దిగాల, అంతా నేను సెప్తాను. నువ్వు ఆయనకు సెప్పు."

అలా మొదలైంది ప్లాను. పక్క సర్దేటప్పుడు ఒక మాట, ఒళ్ళు తుడిచేటప్పుడు ఒక మాట. తర్వాతి ఆదివారం నాగరాజప్పను మంచం పక్కన నిలబెట్టి, ఆమె చూస్తుండగా, నేను ఒప్పజెప్పాను.

"నాగరాజప్పా, ఇది నీ భార్య మాట, నాది కాదు. రైల్లో ఆడవాళ్ళు ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కాల, నువ్వు మగవాళ్ళ పెట్టెలో. బస్సులో మీ అమ్మ నడుమ కూర్చోవాల. అక్కడ దిగే ప్రయాణికుల బంగళాలో ఆడవాళ్ళు గదిలో, నువ్వు వరండాలో. సరోజ నీళ్ళలోకి దిగకూడదు, దానికి జలుబు చేస్తుందట. సాయంత్రం నువ్వొక్కడివే ఇసకలో పడుకుని అలుపు తీర్చుకోవాల."

అతను నోరు తెరుచుకుని విన్నాడు. "ఇది విశ్రాంతా సిస్టరమ్మా, జైలా?"

నాకు నవ్వాగలేదు. రత్నమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళతోనే భర్తను తినేసేట్టు చూస్తోంది. అతను తల వంచుకుని, "సరే, అట్లే పోతాము" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక వింత జరిగింది. రత్నమ్మ తినడం మొదలుపెట్టింది. గుడ్డు పెడితే మిగిల్చేది కాదు. ఏమిటమ్మా ఈ మార్పు అంటే, "నేను పోతే ఆ ఇంట్లో నా సాప ఎవురు పరుసుకుంటారో నాకు తెలీదా?" అంది.

కానీ సాయంత్రాల జ్వరం మాత్రం దిగలేదు. డాక్టరమ్మ చార్టు చూసి నామీద మండిపడింది. "ఈ పేషెంటు మనసు ఎవరు పాడు చేస్తున్నారు? రేపటి నుంచి విజిటర్లు బంద్." క్షయ రోగి మనసు కదలకూడదన్నది మా మొదటి పాఠం. ఆమె చెప్పింది తప్పు కాదు. ఆబ్సల్యూట్ రెస్టులో ఉన్న మనిషికి అలా రోజూ కాక పుడితే రక్తం పడొచ్చు, ప్రాణమే పోవచ్చు. అదంతా తెలిసీ నేను నోరు మూసుకోలేకపోయాను.

"డాక్టరమ్మా, విజిటర్లను ఆపితే అక్కడేం జరుగుతోందో ఊహించుకుని చచ్చిపోతుంది. తూకం చూడండి. వచ్చింది మొదలు ఇప్పుడే ముల్లు పైకి లేచింది."

ఆమె చార్టులో తూకాల వరస మీద వేలు పెట్టి చూసింది. "ఈస్టరు దాటేదాకా ఆగుతాను. తూకం తగ్గిందో, ఇక నీ మాట వినను" అంది.

వాళ్ళు పోయిన నాలుగు రోజులూ నాకు డ్యూటీయే. తక్కిన నర్సులు పండగకు ఇళ్ళకు పోయారు, నాకోసం ఎదురుచూసే మనిషి ఎవరూ లేరు. సముద్రం చూస్తున్న వాళ్ళను తలుచుకుంటే నాకూ కడుపు మండింది. ఇక రత్నమ్మ సంగతి చెప్పేదేముంది! "ఇప్పుడు రైలెక్కింటారు... ఇప్పుడు అది తల దువ్వుకుంటాంటాది... దానికి నాకంటే జుట్టెక్కువ." నేను విసుక్కుని, నువ్వు ఊరుకోకపోతే నేనే పోయి సముద్రంలో దూకుతానన్నాను.

తర్వాతి ఆదివారం నాగరాజప్పతో పాటు సరోజ వచ్చింది. అతను డాక్టరమ్మతో రీఫిల్ గురించి మాట్లాడటానికి పోయాడు. సరోజ ఒక్కతే మంచం దగ్గర నిలబడింది. ఎండకు నల్లబడింది, కానీ ఏం చక్కగా ఉందో పిల్ల! రత్నమ్మ ఆమెను కాలినుంచి తలదాకా చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుసగుసగానే అడిగింది.

"నీళ్ళలో దిగితివా?"

సరోజ నన్ను చూసింది, అక్కను చూసింది. "దిగితినక్కా. పాప పరిగెత్తింటే దాని వెంట పోతిని."

"ఆయనా?"

"పెద్ద అల వచ్చింది. బావ పాపను ఒక చేత్తో పట్టుకున్యాడు."

"ఇంకో చేత్తో?"

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. నేను కళ్ళతో సైగ కూడా చేశాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "నన్ను పట్టుకున్యాడు. కొట్టుకోని పోతాంటిని అక్కా" అంది. పైటతో ముఖం తుడుచుకుని ఉన్నట్టుండి కోపంగా అంది: "అయినా యాల అడుగుతావు? నాలుగు దినాలూ నీ మాటే ఆయనకు. రత్న అయితే ఇట్ల నవ్వుతాది, రత్న అయితే భయపడదు. ఇంటి పనంతా నేను సేసి సస్తాంటే, పండుకోని ఉండే నువ్వే అందరి నోట్లో!"

రత్నమ్మ కళ్ళు మూసుకుంది. ఇప్పుడు దగ్గు తెర వస్తుంది, రక్తం పడుతుంది అనుకుని ఉమ్మే మగ్గు దగ్గరికి జరిపాను. దగ్గు రాలేదు. కాసేపటికి కళ్ళు తెరిచి నావైపు తిరిగింది.

"సిస్టరమ్మా, పాలు తీసుకురా. పెద్ద లోటాకు పోసుకోని రా."

మొత్తం తాగింది, చెల్లెలిని చూస్తూనే.

రెండో ఏడు, తన కాళ్ళ మీద నడిచి ఇంటికి పోయింది రత్నమ్మ. ఇంటికి పోయాక చేసిన మొదటి పని సరోజకు బి.కొత్తకోటలో మంచి సంబంధం చూసి పెళ్ళి చేయడం. ఊపిరితిత్తిని బాగుచేసింది ఏ.పి.యే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మందు పని చేసేదాకా మనిషి బతికి ఉండాలి కదా. ఆ తర్వాత నేను ఏ రోగికీ మనసు ప్రశాంతంగా పెట్టుకోమని ఊరికే చెప్పలేదు. ముందు, ఇంట్లో నీ చోటు ఎవరికి పోతుందని భయపడుతున్నావని అడిగేదాన్ని. చెప్పుకోవడానికి అలాంటి చోటు ఏదీ లేదన్న వాళ్ళ గురించే ఎక్కువ భయపడేదాన్ని.

ఆమె ఇంటికి పోయిన రోజు భర్త భుజం పట్టుకుని నడుస్తూ గేటు దాటేదాకా నేను వరండాలో నిలబడి చూశాను. సంతోషించాల్సిన దాన్ని, సంతోషించాను కూడా. కానీ నిజం చెప్తున్నాను, ఆ పొద్దు రత్నమ్మను చూస్తే నాకు కుళ్ళు పుట్టింది. జ్వరం వచ్చేంతగా ఉడుక్కోవడానికి ఆమెకు ఒక మనిషి ఉన్నాడు.