అమ్మ వాయిదా వేసిన కాఫీ

ముత్తియాల్‌పేటలో నాతో పెరిగిన పిల్లకాయల్లారా, అందరూ ఇటు రండి! ఇవాళ ఒక ఆఫీసు తలుపు మీద ఇంగ్లీషు కాగితం చూశాను: "క్యాంప్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్". వచ్చినవాళ్లంతా విసుక్కుంటుంటే నాకొక్కదానికే నవ్వు ఆగలేదు!

మా వంటింటి గోడమీద నల్లబోర్డు ఉండేది, గుర్తుందా? నాన్న ఆఫీసులో టైపిస్టు కదా, ఇంట్లోనూ నోటీసు బోర్డు పెట్టాడు. మాకేం కావాలన్నా సుద్దముక్కతో దానిమీద రాయాలి. కింద ఆయన ఇంగ్లీషులో జవాబు రాసేవాడు. ఆరో తరగతిలో నేను సైకిలు అడిగాను. మూడు నెలలు ఒకటే జవాబు: "హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్".

చదువురాని అమ్మ నన్నడిగింది. "ఏంది పాపా, మీ నాయన రాసిండేది?"

"వాయిదా పడిందంటమ్మా."

"దానంతట అదే పడిందా? ఎవురు వేసినారంట?"

"అది రాయలేదు."

మర్నాడు పొద్దున ఇల్లంతా డికాక్షన్ వాసన! నాన్న పేపరు చివరి పేజీకి వచ్చినా కాఫీ మాత్రం రాలేదు. అమ్మ వంటింటి గడపలో నిలబడి, నా దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ముక్క వదిలింది.

"కాఫీ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్!"

"ఎవురు చేసింది?" అని నాన్న అరిచాడు.

"నాకేం తెలుసు? దానంతట అదే అయింది."

నాన్న లేచి, తువ్వాలుతో బోర్డు తుడిచి రాశాడు: "ఐ విల్ బై ద సైకిల్ ఆన్ సండే." ఆదివారం నేనే కొంటానని! ఆ బోర్డు మీద ఆయన "నేను" అని రాయడం అదే మొదటిసారి.

అమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, అప్పుడు పాలు పొయ్యిమీద పెట్టింది.